గాల్లో ఇంజన్ పవర్ తగ్గితే ఏం చెయ్యాల? చిన్న విమానాల ఫ్యూయల్ సంగతి, మనోళ్ళ కోసం

మా పిన్నమ్మ కొడుకు ఈమధ్య పైలట్ ట్రైనింగ్‌లో జాయినయ్యాడు. మాది కావలి పక్కన పల్లె. వాడు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న, "నా, పైన ఉండగా ఇంజన్ ఆగిపోతే పడిపోద్దా?" అని. పడిపోదురా నాయనా, గ్లైడ్ అయ్యి కిందకొస్తాది అని చెప్పి పెట్టేస్తుండా గానీ పూర్తిగా చెప్పాలంటే ఫోన్లో తెమిలే పని కాదు, వాడి లాంటోళ్ళు ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అడిగారు, అందుకని మొత్తం ఒకచోట రాస్తుండా. నేను చెప్పేదంతా సెస్నా 172 లాంటి ఒక్క ఇంజన్ పిస్టన్ విమానం గురించి. నంబర్లు మీ విమానం హ్యాండ్‌బుక్‌లో వేరేగా ఉంటే హ్యాండ్‌బుక్కే ఫైనల్, మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పిందే ఫైనల్, నాది కాదు.

ఇంజన్ ఆగింది అనగానే జనం పిస్టన్ విరిగిందనో క్రాంక్ పోయిందనో అనుకుంటారు. అట్టా జరగదని కాదు, కానీ చాలాసార్లు ఇంజన్ నిక్షేపంగా ఉంటాది, దానికి తిండే అందదు. మా నాయనకి అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు ఉండేవి. ఒకరోజు రాత్రి రెండింటికి కరెంట్ పోయింది, జనరేటర్ వేశాం, ఐదు నిమిషాలు తిరిగి దగ్గి దగ్గి ఆగిపోయింది. ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోద్ది గదా, మా నాయన గట్టు మీద అటూ ఇటూ పరిగెత్తడమే. డీజిల్ చూస్తే ట్యాంక్ నిండా ఉండాది. చివరికి మెకానిక్ వచ్చి ట్యాంక్ మూత వదులు చేస్తే సుయ్‌మని గాలి పీల్చుకుంది, మూతకి ఉండే చిన్న గాలి బొక్క మట్టితో పూడుకుపోయి ఉండాది, అంతే. తర్వాత పైపులో ఎయిర్ తీసి కొడితే స్టార్ట్ అయింది. ఏళ్ళ తర్వాత విమానం ఫ్యూయల్ సిస్టమ్ క్లాసులో కూర్చుంటే నాకు ఆ బొక్కే గుర్తొచ్చింది.

అందుకని ముందు ఆ బొక్క నుంచే మొదలుపెడదాం. 172లో ట్యాంకులు రెండు రెక్కల్లో ఉంటాయి, రెక్కలు పైన ఉంటాయి కాబట్టి ఫ్యూయల్ దానంతట అదే కిందికి దిగుద్ది, మిద్దె మీద ట్యాంక్ నుంచి కుళాయికి నీళ్ళొచ్చినట్టు. కానీ ఎంత దిగిందో అంత గాలి లోపలికి పోవాల. నూనె డబ్బాకి ఒక్క బొక్క పెడితే గుటక గుటకగా పడి ఆగుద్ది, రెండో బొక్క పెడితేనే ధారగా వస్తాది, అదే లెక్క. ఆ గాలి గొట్టాన్ని వెంట్ అంటారు, 172లో ఎడమ రెక్క కింద, స్ట్రట్ (రెక్కని ఆపి పట్టుకునే కడ్డీ) దగ్గర బయటికి కనిపిస్తా ఉంటాది. కిటికీ మూలల్లో, స్విచ్ బోర్డు బొక్కల్లో మట్టి గూడు కట్టే కందిరీగ ఉంటాది చూడండి, దానికి ఈ గొట్టం అంటే మహా ఇష్టం. విమానం నాలుగు రోజులు బయట నిలబడి ఉంటే వంగి చూడాల్సిందే, దూరం నుంచి చూసి "ఉంది" అనుకోవడం కాదు, మూసుకుపోయిందా లేదా చూడాల.

తర్వాత నీళ్ళు. పెట్రోల్ కన్నా నీళ్ళు బరువు కాబట్టి ట్యాంక్ అడుక్కి చేరతాయి, అడుగున డ్రెయిన్లు పెట్టింది అందుకే. 172ఎస్ మోడల్‌లో ఒక్కో రెక్క కింద 5, పొట్ట కింద 3, మొత్తం 13 ఉంటాయి, పాత మోడళ్ళలో తక్కువ. మొదటి రోజు ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉంటే 13 తీస్తాం, నెల తర్వాత ఎండలో చెమట కారతా ఉంటే రెండు తీసి చాలులే అనిపిస్తాది. ఆ చాలులే దగ్గరే తంటా. సగం ఖాళీ ట్యాంక్‌తో రాత్రంతా బయట పెడితే లోపలి గాలిలో తేమ చల్లబడి గోడలకి పడుద్ది, మన కోస్తా గాలిలో తేమకి కొదవా? ఇంక తుఫాను వానకి మూత వాషరు పాతదైతే పైనుంచే దిగుద్ది.

ఇక్కడ కొత్తోళ్ళు పడే ఒక గుంట ఉండాది, కాస్త నిదానంగా చదవండి. కప్పులోకి తీసి చూస్తే, నీళ్ళు కొద్దిగా ఉంటే అడుగున గోళీకాయలాగా వేరేగా కనిపిస్తాయి, మధ్యలో గీత తెలుస్తాది. బాగానే ఉండాది. కానీ కప్పు మొత్తం నీళ్ళే వస్తే? గీత ఉండదు. తేటగా, శుభ్రంగా, ఎంత బాగుందో అనిపిస్తాది. అందుకని గీత చూడడం ఒక్కటే కాదు, రంగు చూడాల. 100 ఎల్ఎల్ ఏవ్‌గ్యాస్, అంటే ఈ పిస్టన్ విమానాల్లో పోసే పెట్రోల్, లేత నీలంగా ఉంటాది, కప్పుని తెల్లటి దాని ముందు పట్టి చూడాల, ఆకాశం ముందు పట్టి చూస్తే నీళ్ళు కూడా నీలంగానే కనిపిస్తాయి. వాసన చూడాల. అనుమానం వస్తే మంచిదని తెలిసిన ఫ్యూయల్ నాలుగు చుక్కలు దాంట్లో వేస్తే తేలిపోద్ది. ఒక సంగతి, ఫ్యూయల్ కొట్టిన వెంటనే తీస్తే నీళ్ళు ఇంకా అడుక్కి దిగి ఉండవు, కాసేపు ఆగి తీయండి, ఆ గ్యాప్‌లో టీ తాగండి.

జెట్ ఫ్యూయల్ పొరపాటున కొట్టడం కూడా జరుగుద్ది. అది కిరసనాయిలు జాతి, పిస్టన్ ఇంజన్‌లో పోస్తే లైన్లలో ఉన్న పాత పెట్రోల్‌తో స్టార్ట్ అయ్యి, ట్యాక్సీ కూడా చేసి, టేకాఫ్‌లో ఫుల్ పవర్ పెట్టినప్పుడు టకటకా కొట్టుకుని ఆగిపోద్ది. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూడండి, ఏవ్‌గ్యాస్ అయితే ఆరిపోయి ఏం మిగలదు, జెట్ ఫ్యూయల్ కలిస్తే జిడ్డు మరక ఉండిపోద్ది, మన బజ్జీల పొట్లం మాదిరి. ట్రక్ వాడు కొడతా ఉంటే పక్కన నిలబడి చూడడం పైలట్‌కి చిన్నతనం కాదు.

ఎంత ఉంది అనేది గేజీ చెప్పదు. గేజీని నేను గోడ మీద ఆగిపోయిన గడియారం లాగా చూస్తా. రెక్క ఎక్కి మూత తీసి డిప్ స్టిక్ పెట్టాల, అదీ ఆ విమానానికి గుర్తులు పెట్టిన స్టిక్కే. విమానం వాలు మీద నిలబెట్టి ఉంటే సెలెక్టర్ (ఏ ట్యాంక్ నుంచి ఫ్యూయల్ రావాలో తిప్పే పిడి) 'బోత్', అంటే రెండు ట్యాంకుల మీదా ఉన్నప్పుడు పై రెక్క ఫ్యూయల్ కింద రెక్కకి పారుద్ది, కొన్నిసార్లు వెంట్ లోంచి బయటికి కూడా కారిపోద్ది, అందుకే నిలబెట్టినప్పుడు లెఫ్ట్ మీదో రైట్ మీదో పెట్టమంటారు. లెక్క విషయానికొస్తే 172ఎస్‌లో మొత్తం 56 గ్యాలన్లు పడుద్ది గానీ వాడుకోగలిగింది 53, అంటే దగ్గర దగ్గర 200 లీటర్లు. గంటకి 38 లీటర్లు అనుకుంటే కాగితం మీద ఐదు గంటల పైన వస్తాది. మిక్స్చర్ (గాలిలో కలిసే పెట్రోల్ పాళ్ళు) సరిగ్గా లీన్ చెయ్యకపోతే, అంటే పైన పెట్రోల్ పాలు తగ్గించకపోతే, ఆ ఐదు నాలుగున్నర కూడా కాదు. నేను రూల్ చెప్పిన రిజర్వ్ సంగతి పక్కన పెట్టి గంట ఫ్యూయల్ మిగిలేటట్టు చూసుకుంటా, ఎవరన్నా భయస్తుడంటే అననీండి. గ్యాలన్ అన్నప్పుడు అమెరికా గ్యాలనా బ్రిటిష్ గ్యాలనా అడగండి, ఒకటి 3.79 లీటర్లు, ఇంకోటి 4.55. యూనిట్లలో తేడా వస్తే ఏమవుద్దో 1983లో ఎయిర్ కెనడా వాళ్ళు చూశారు, కేజీలు అనుకుని పౌండ్ల లెక్కన నింపారు, అంత పెద్ద బోయింగ్ 767 గాల్లో ఖాళీ అయ్యి గిమ్లీ అనే ఊర్లో పాత ఎయిర్‌ఫోర్స్ రన్‌వే మీద గ్లైడ్ చేసి దించారు. అందరూ బతికారు, కానీ ఆ పైలట్‌కి గ్లైడర్లు నడిపిన అనుభవం ఉండాది, మనకి లేదు.

ఫ్యూయల్ అయిపోవడం వేరు, అందకపోవడం వేరు. రెండోదాంట్లో ఒక ట్యాంక్‌లో ఫ్యూయల్ పెట్టుకునే కిందపడతారు. 172లో 'బోత్' ఉంటాది కాబట్టి కొంత నయం. పైపర్ చెరోకీ లాంటి, రెక్కలు కిందివైపు ఉండే విమానాల్లో 'బోత్' ఉండదు, లెఫ్ట్ లేదంటే రైట్, మీరే అరగంటకో గంటకో మార్చుకుంటా ఉండాల, రెక్కలు కిందివైపు ఉండడం వల్ల పంపు కూడా కావాల. అమెరికాలో జాన్ డెన్వర్ అని పెద్ద సింగర్, 1997 అక్టోబర్ 12న మాంటెరీ బేలో కొత్తగా కొనుక్కున్న లాంగ్ ఈజీ విమానంలో పోయాడు. ఎగిరే ముందు ఫ్యూయల్ కొట్టమంటారా అంటే గంటసేపే గదా వద్దన్నాడు. ఆ విమానం కట్టినోడు సెలెక్టర్ పిడిని డిజైన్‌లో చెప్పినచోట పెట్టకుండా పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు, దాని మీద గుర్తులు కూడా లేవు. ట్యాంక్ మార్చాలంటే ఒళ్ళంతా తిప్పాల, తిప్పితే కాలు రడ్డర్ పెడల్‌ని (విమానం ముక్కుని పక్కకి తిప్పేది) తొక్కుద్ది. ఇంతకన్నా చెప్పేదేముంది. మీరు కొత్త విమానం ఎక్కినప్పుడు ముందు చెయ్యాల్సింది సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుని సెలెక్టర్ మీద చెయ్యి పెట్టడం, పడిందా లేదా చూసుకోండి.

ఇంకో అలవాటు: రన్‌అప్ (టేకాఫ్‌కి ముందు నేల మీదే ఇంజన్ పెంచి చూసే పరీక్ష) ఏ ట్యాంక్ మీద చేశారో టేకాఫ్ కూడా దాని మీదే. చివరి నిమిషంలో "ఇది నిండుగా ఉండాది గదా" అని మార్చొద్దు. మార్చిన ట్యాంక్‌లో తేడా ఉంటే లైన్లో ఉన్న ఫ్యూయల్‌తో రన్‌వే దాటి సరిగ్గా 200 అడుగుల మీద మీకు చెప్తాది.

ఇప్పుడు ఐసు. మావోడు దీన్ని మాత్రం నమ్మలేదు, "నెల్లూర్లో ఐసేంది నా" అని నవ్వాడు. ఇంజక్షన్ వేసే ముందు నర్సమ్మ స్పిరిట్ రాస్తే చెయ్యి చల్లగా అవుద్ది గదా, పెట్రోల్ ఆవిరి అయ్యేటప్పుడు కార్బురేటర్‌లో కూడా అంతే, గొంతు ఇరుకుగా ఉన్నచోట గాలి పలచబడి ఇంకా చల్లబడుద్ది, రెండూ కలిసి 30 డిగ్రీల పైనే పడిపోవచ్చు. బయట 25 డిగ్రీలు ఉండి, ఈశాన్య రుతుపవనాల టైమ్‌లో ముసురు పట్టి గాలంతా తడిగా ఉంటే లోపల ఐసు కట్టదూ? ఎక్కువగా కట్టేది 21 డిగ్రీల లోపు, తేమ 80 శాతం పైన ఉన్నప్పుడు గానీ, 38 డిగ్రీల ఎండలో కూడా కట్టే వీలుండాది. థ్రాటిల్ తగ్గించి దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. ఎట్టా తెలుస్తాదంటే, మీరు దేన్నీ ముట్టుకోకుండానే ఆర్పీఎం మెల్లగా జారతా ఉంటాది, మనం తెలియకుండా కాస్త థ్రాటిల్ పెంచుతాం, మళ్ళీ జారుద్ది, మళ్ళీ పెంచుతాం. రెండోసారి పెంచుతున్నప్పుడన్నా అనుమానం రావాల.

కార్బ్ హీట్, అంటే కార్బురేటర్‌లోకి వేడి గాలి పంపే పిడి, పూర్తిగా లాగండి, సగం లాగొద్దు. లాగంగానే ఆర్పీఎం ఇంకా పడుద్ది, ఐసు కరిగి నీళ్ళు ఇంజన్‌లోకి పోయి గరగరా దగ్గుద్ది, ప్రాణం గొంతులోకొస్తాది, అప్పుడు భయపడి మళ్ళీ లోపలికి తోసేస్తారు చూడండి, అదే తప్పు. అట్టే ఉంచండి, కరిగిపోయాక ఆర్పీఎం పైకి లేస్తాది. 172ఎస్‌లో ఇంజెక్షన్ ఇంజన్ కాబట్టి ఈ కార్బురేటర్ గోల లేదు, దాని గోల వేరు, ఎండలో ఆపిన వేడి ఇంజన్‌ని వెంటనే స్టార్ట్ చెయ్యాలంటే లైన్లలో పెట్రోల్ ఆవిరై సతాయిస్తాది.

మైక్రోలైట్లు, రోటాక్స్ ఇంజన్ ఉన్నవి నడిపేవాళ్ళకి ఒక మాట. బంకు పెట్రోల్ పోసే అలవాటు ఉంటే ఆగండి. మన బంకుల్లో ఇప్పుడొచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్, రోటాక్స్ 912కి కంపెనీ ఒప్పుకునేది 10 శాతం దాకానే. ఇథనాల్ నీళ్ళని లాక్కుంటాది, ఒక హద్దు దాటాక ఇథనాలూ నీళ్ళూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి, పైన మిగిలిన పెట్రోల్‌కి ఆక్టేన్ తగ్గిపోద్ది. పాత రబ్బరు పైపులు కూడా మెత్తబడతాయి. ఒంగోలు మే నెల ఎండలో వేపర్ లాక్ (పైపులో పెట్రోల్ ఆవిరై దారికి అడ్డం పడడం) సంగతి వేరే చెప్పాలా.

సరే, ఇంత చేసినా పైన పవర్ పోయింది. ఇప్పుడు వరస చెప్తా, వరస మారొద్దు.

మొదట ముక్కు. పవర్ పోగానే ముక్కు కొద్దిగా కిందికి, గ్లైడ్ స్పీడ్ పట్టాల, 172ఎస్‌కి 68 నాట్లు, పాత 172ఎన్‌కి 65. ట్రిమ్ చేసేయండి, అంటే ఆ స్పీడ్ దానంతట అదే నిలిచేటట్టు సెట్ చెయ్యండి, చేతులు ఖాళీ అవుతాయి. ఎత్తు కాపాడుకుందామని ముక్కు పైకి లాగితే స్టాల్ అయ్యి, అంటే రెక్కకి లేపే బలం పోయి, నిజంగానే పడిపోద్ది, మావోడి ప్రశ్నకి అసలు జవాబు ఇదే.

రెండోది చోటు. వెయ్యి అడుగుల ఎత్తుకి, గాలి లేకపోతే, ఒకటిన్నర నాటికల్ మైళ్ళు వస్తాది, అంటే 3 వేల అడుగుల్లో ఉంటే 8 కిలోమీటర్లు, నాలుగు నిమిషాలు అటూ ఇటూ. కావలి స్టేషన్ మీద ఆగితే బిట్రగుంట దాకా కూడా రాదు. అందుకని చోటు ముందు ఎంచుకుని అటు తిరిగిన తర్వాతే మిగతాది.

మూడోది చేతులు. సెలెక్టర్ 'బోత్', లేదంటే ఇంకో ట్యాంక్. పంపు ఉంటే ఆన్. మిక్స్చర్ పూర్తిగా రిచ్, పైన 8 వేల అడుగుల్లో లీన్ చేసి దిగేటప్పుడు మళ్ళీ తొయ్యడం మర్చిపోతే ఇంజన్ దగ్గేది ఇందుకే. కార్బ్ హీట్ లాగి ఉండాల. ప్రైమర్ (స్టార్ట్ చేసే ముందు ఇంజన్‌లోకి పెట్రోల్ కొట్టే చేతి పంపు) లోపలికి పోయి లాక్ అయిందా చూడండి. స్పార్క్ ప్లగ్గులకి కరెంట్ ఇచ్చే మ్యాగ్నెటోలు రెండు ఉంటాయి, ఒకటి తేడా చేస్తే మొత్తం ఇంజన్ గడగడలాడుద్ది, లెఫ్ట్ ఒకసారి, రైట్ ఒకసారి పెట్టి చూసి దేని మీద సాఫీగా ఉంటే దాని మీద వదిలేసి దగ్గర్లో దిగండి. ఇవన్నీ చేసి లేవకపోతే రేడియోలో మేడే (ఆపదలో ఉన్నామనే పిలుపు), మీరు మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే, ఎవరూ లేకపోతే 121.5, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కి మన విమానాన్ని చూపించే పెట్టె) ఆపద కోడ్ 7700. ఆయిల్ ప్రెషర్ పడి టెంపరేచర్ లేస్తా ఉంటే అది ఫ్యూయల్ కేసు కాదు, ట్యాంకులు తిప్పతా టైమ్ వేస్ట్ చెయ్యొద్దు, ఇంకా తిరుగుతున్నప్పుడే దిగిపోండి.

టేకాఫ్ అయిన వెంటనే అయితే ఇంత కథ లేదు. ముక్కు దించి ఎదురుగా, కాస్త అటూ ఇటూగా ఏముంటే దాంట్లో దిగడమే. వెనక్కి తిరిగి రన్‌వే మీద దిగుదామని మనసు లాగుద్ది, కానీ 180 డిగ్రీలతో అయ్యేది కాదు, రన్‌వే లైన్లోకి రావాలంటే ఇంకా తిరగాల, అంత ఎత్తు మీ దగ్గర ఉండదు.

చోటు ఎంచుకోవడం ఎట్టా నేర్చుకోవాలంటే నేను పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నేర్చుకున్నా. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా కిటికీ పక్కన కూర్చుని, ఇప్పుడాగితే యాడ దిగాల అని ఆడుకుంటా. రొయ్యల గుంటలు పైనుంచి అద్దాల్లాగా చదునుగా కనిపిస్తాయి, చుట్టూ గట్లు, మధ్యలో ఏరియేటర్లు, కరెంట్ తీగలు, వద్దు. డిసెంబర్ జనవరిలో నెల్లూరు వరి మడిలో నీళ్ళుంటాయి, చక్రం దిగబడి విమానం తలకిందులవుద్ది, అదే ఏప్రిల్‌లో కోతలైపోయాక అదే మడి బంగారం, గట్లకి అడ్డంగా కాకుండా పొడుగునా చూసుకోవాల. ప్రకాశం సైడు శనగ పీకేసిన నల్లరేగడి బాగుంటాది, వాన పడిన మర్నాడు మాత్రం బంక. జామాయిల్, సుబాబుల్ తోటలు పైనుంచి పచ్చటి తివాచీ లాగా ఉంటాయి, అవి కర్రలు. సముద్రం ఒడ్డున తడి ఇసక గట్టిగానే ఉంటాది గానీ కొత్తపట్నంలో ఆదివారం సాయంత్రం అయితే జనం, మామూలు రోజు బోట్లు. హైవే అంటారు అందరూ. 2022 డిసెంబర్ 29న కొరిశపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ట్రయల్ చేశారు నిజమే, వాళ్ళకి ముందుగా ట్రాఫిక్ ఆపారు, మీకెవరు ఆపుతారు, లారీలుంటాయి, తీగలుంటాయి. గాలి ఎటో తెలియాలంటే గడ్డి కాల్చిన పొగ చూడండి, ఎండాకాలం మధ్యాహ్నం తర్వాత పైరగాలి సముద్రం వైపు నుంచి వస్తాది, దానికి ఎదురుగా దిగాల.

దిగేది ఖాయమయ్యాక మిక్స్చర్ లాగేసి, ఫ్యూయల్ ఆఫ్, ఇగ్నిషన్ ఆఫ్, ఫ్లాప్స్ వేసుకున్నాక మాస్టర్ ఆఫ్, తలుపు గడియ తీసి పెట్టండి, గుద్దుకుంటే తలుపు బిగుసుకుపోద్ది. బెల్టులు బిగించమని పక్కనోళ్ళకి కూడా చెప్పండి, మర్చిపోతాం.

ఆగింతర్వాత దిగి దూరంగా పోండి. అంతా సద్దుమణిగాక సెలెక్టర్ దేని మీద ఆపారో, ట్యాంకుల్లో ఎంతుందో రాసిపెట్టుకోండి, ఫొటో తీయండి, ఏదీ తిప్పొద్దు, ఎంక్వైరీ వాళ్ళు వచ్చాక అదే అడుగుతారు. ఇంజన్ మళ్ళీ స్టార్ట్ అవుద్దేమో చూద్దాం అనొద్దు. మన ఊళ్ళల్లో ఐదు నిమిషాల్లో ఊరంతా చేరిపోద్ది, రెక్కలోంచి పెట్రోల్ కారతా ఉంటాది, అందుకని ఎవరైనా దగ్గరికొచ్చి "ఏమైందబ్బయ్యా" అంటే జవాబు తర్వాత, ముందు బీడీ ఆర్పమనండి.